అంగడి మొగసాల

తెల్లవారుజామున, కాలువమీది మంచు ఇంకను విడువకమునుపే, పాతకాలపు వర్తకుడు తన కొట్టు ముందు నిలిచి, గుమ్మము పైనను క్రిందను తొలిచిన గాడులలో నిలువుగా కూర్చిన చెక్కలను ఒకటొకటిగా తీయుచుండెడివాడు. ప్రతి చెక్క మీదను ఒక అంకె యుండెడిది. మొదటి చెక్క తీసినగాని రెండవది కదలదు. మూయునపుడు వరుస తప్పినచో కడపటి చెక్క గాడిలో కూర్చొనదు, తాళము పడదు. తీసిన చెక్కలను అరుగు ప్రక్కన గోడకు చేరవేసి, ముంగిట నీళ్లు చల్లి, గుమ్మమునకు పసుపు కుంకుమలు పెట్టి, గల్లాపెట్టెకు నమస్కరించిన పిమ్మటనే మొదటి బేరము. తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణముల పాత బజారులలో ముదుసలి తరమువారి కీ దృశ్యము చిరపరిచితము. ఆ చెక్కల స్థానమున ఇనుప షట్టరు వచ్చి చాల కాలమైనది. ఇప్పుడు షట్టరు చుట్టును మెఱుగు రేకులు, గాజు ఫలకములు వచ్చుచున్నవి. కట్టడము పాతదే, మొగము మాత్రము క్రొత్తది.

మన భాషలో కట్టడము ముందరి పట్టునకు మొగసాల యని చక్కని పేరు కలదు. అది లోపలి గది కాదు, వెలుపలి వీథియు కాదు. ఇంటివాని సొత్తై యుండియు వచ్చువారి కొఱకు విడువబడిన చోటు. అంగడి విషయమున ఈ మాట మఱింత సార్థకము. గోడ యజమానిది, పన్ను కట్టువాడు యజమాని, మరమ్మతునకు వ్యయమోర్చువాడును అతడే. కాని దినమెల్ల ఆ గోడను చూచువాడు ఎదుటి కొట్టువాడు, దాని నీడలో నిలుచువాడు బాటసారి, దాని చూరునుండి జాఱిన నీరు పోవలసినది ఊరి కాలువలోనికి. కావున వాణిజ్య భవనముల వెలుపలి రూపమును పునరుద్ధరించుటకు ప్రమాణము లెట్లుండవలెనను ప్రశ్న నేడు పురపాలక కార్యాలయములలోను, ఇంజనీర్ల బల్లలమీదను క్రొత్తగా పుట్టినదని తలచుట పొరపాటు. ఈ మూడు పట్టణముల బజారులు ఆ ప్రశ్నకు నూఱేండ్లకు పైగా సమాధానము చెప్పుచునే యున్నవి. మొదట ఆచారముచేత, తరువాత చట్టముచేత, నడుమ నడుమ సముద్రముమీది గాలిచేత. ఆ సమాధానములను వరుసగా చదువుకొననిదే నేటి ‘ఎలివేషన్’ పనులకు నియమములు వ్రాయబూనుట పునాది చూడక మేడ లేపుట వంటిది.

ఈ సీమలో వర్తకము క్రొత్తది కాదు. రేపల్లెకు దక్షిణమున సముద్రతీరమందున్న నిజాంపట్నము విదేశీయుల వ్రాతలలో పేటపోలి యను పేరుతో కన్పట్టును. అచ్చట 1606లో డచ్చివారు వర్తకస్థానము నెలకొల్పిరి. 1611లో ఆంగ్లేయుల ‘గ్లోబ్’ నౌక ఆ రేవునకు వచ్చెను. చిరివేరు రంగునకును, అద్దకపు బట్టలకును ఆశపడి వచ్చిన ఆ వర్తకులకు కావలసినవి గిడ్డంగులు. అవి సరకును దాచుటకే గాని, దారినపోవువానికి చూపుటకు కాదు. వీథివైపు మొగము త్రిప్పి, లోని సరకునంతయు కన్నులయెదుట పఱచి, ‘రండి’ యని పిలుచు అంగడి వరుసలు ఈ ప్రాంతమున బలిసినది కృష్ణ ఆనకట్ట తరువాతనే. కాటన్ దొర సంకల్పమున, ఓర్ దొర పర్యవేక్షణమున 1852లో ఆరంభమై 1855లో ముగిసిన ఆ కట్టడము పశ్చిమ డెల్టాకు నీరిచ్చినది. నీరు వరిని, వరి మిగులును, మిగులు బజారును తెచ్చెను. దుగ్గిరాల చెంత చీలిన కాలువలలో పొలములకు నీరే గాక, పడవలలో ధాన్యమును, కలపయు, బెల్లమును, సున్నపుగుల్లయు సాగెను. 1899లో బెజవాడ నుండి మద్రాసునకు రైలుమార్గము కలిసి, తెనాలియు బాపట్లయు ఆ దారిలో నిలిచినవి. 1916లో గుంటూరు నుండి తెనాలి మీదుగా రేపల్లెకు మఱియొక దారి పడెను. ఆ పిదప కాలువగట్టున నుండిన వర్తకము మెల్లమెల్లగా స్టేషను రోడ్డునకు మరలెను.

మూడు పట్టణములకును బజారు ఒకే తీరున పుట్టలేదు. బాపట్ల ప్రాచీన దేవాలయపట్టణము. భావనారాయణస్వామి పేరనే భావపురి యనబడి, కాలక్రమమున బాపట్లయైనదని స్థలచరిత్ర. అచ్చటి రథం బజారు పేరులోనే ఒక నియమ మిమిడియున్నది. ఏటికొకమాఱు స్వామి రథము కదలవలెనన్న, ఆ వీథిలో ఏ చూరును, ఏ పందిరియు, ఏ అరుగును రథమునకు అడ్డు రాగూడదు. ఎంత ధనికుడైన వర్తకుడును తన అంగడిని రథపు చక్రము దారిలోనికి జరుపజాలడు. నేటి ఇంజనీరు ‘బిల్డింగు లైను’ అని కాగితముమీద గీయునట్టి గీతను ఇట్టి వీథులలో మోకు పట్టిన భక్తజనమే గీచినది. ఈ సీమలో వెలుపలి గోడకు నేను చూడగలిగినంతలో మొదటి ప్రమాణ మిదియే. తెనాలి యన్ననో కాలువలును రైలును కలిసి పెంచిన యూరు. ఊరి నడుమ కాలువలు పాఱుటచేతను, నాటకములు, సాహిత్యము, సినిమా, వేషభాషలలో ముందుండుటచేతను దానికి ఆంధ్రా ప్యారిస్ అను పేరు వచ్చినది. రేపల్లె కృష్ణ సముద్రమును చేరబోవు చోట, రైలు ఆగిపోవు చోట వెలసిన పట్టణము. పెనుమూడి–పులిగడ్డ వారధి లేని దినములలో దివిసీమకు పోవువారు రేవు దాటుటకుముందు ఉప్పు పప్పు కొని మూట కట్టుకొనుట ఆ బజారులోనే.

ఇక ఆ అంగడుల దేహమును చూతము. డెల్టా నేల నల్లరేగడి. వేసవిలో బీటలు వాఱి, వానలకు ఉబ్బి, పైనున్న గోడను కదల్చు నేల. కావున పునాది గోతిలో ఇసుక పోసి, నీరు పెట్టి అణచి, ఆ మీదట ఇటుక లేపెడివారు. దూలములకు తాడి, స్థితిపరులకు రంగూను టేకు; పైకప్పునకు మొదట తాటాకు, తరువాత కుమ్మరి పెంకు, ఆ తరువాత మంగుళూరు పెంకు, కలిగినవారికి మద్రాసు మిద్దె. గోడకు ప్రాణము సున్నము. తీరమున దొరకు గుల్లను కాల్చిన సున్నమును, పల్నాటి పిడుగురాళ్ల రాతిసున్నమును వాడెడివారు. పని జరుగుచోట గుండ్రముగా రాతితొట్టి కట్టి, అందులో సున్నము, ఇసుక, ఇటుకపొడి పోసి, ఎద్దుచేత రాతిచక్రమును త్రిప్పించెడివారు. అదియే గానుగ సున్నము. మేస్త్రి వంగి, చిటికెడు ముద్ద బొటనవ్రేలి గోటిమీద రాచి చూచి, ఇసుక గరగర తగిలినచో “ఇంకొక పూట తిరగాలయ్యా” అనెడివాడు. పైపూతకు కరక్కాయ నానిన నీరు, బెల్లపు నీరు కలిపి, నునుపైన గులకరాతితో గంటలకొలది రుద్దగా ఆ గచ్చు పాలరాతివలె మెఱసెడిది. దాని సుగుణము మెఱపు మాత్రమే కాదు. సున్నపు గోడ ఊపిరి తీయును. నేల తేమను లోన బంధింపక వెలుపలికి విడుచును. ఇటీవల పాత గోడలమీద సిమెంటు పూత వేసి, దానిపై నీరు చొరని రంగు పూసిన చోట్ల, ఆ తేమ పోవుటకు దారి లేక లోనిటుక పొడియై రాలుటను చూచుచున్నాము. పాత అంగడి వెలుపలిభాగమును బాగుచేయ దలచువాడు మొదట తెలిసికొనవలసినది ఆ గోడ దేనితో కట్టబడినదను సంగతియే.

గోడ ముందు వసారా, వసారా క్రింద అరుగు. ఈ రెండింటిలోను ఆ కాలపు అంగడిశాస్త్రమంతయు ఇమిడియున్నది. అరుగు ఎత్తు, బండి వెనుక భాగమునుండి బస్తాను వంగకుండ జార్చుకొనుటకు అనువుగా నుండెడిది. అదే ఎత్తు, పల్లెనుండి వచ్చిన రైతు కాళ్లు వ్రేలాడవేసి కూర్చుండుటకును సరిపోయెడిది. వానకాలమున వీథి నిండిన నీరు కొట్టులోనికి రాకుండ కాచునదియు ఆ ఎత్తే. వసారా చూరు మధ్యాహ్నపు టెండను సరకుమీద పడనీయదు. జల్లును గోడమీద కొట్టనీయదు. ప్రక్క ప్రక్క కొట్ల చూరులు ఒకే మట్టమున కలిసినచో బజారు ఈ చివరనుండి ఆ చివరకు తల తడవకుండ నడువవచ్చును. ఈ మట్టమును ఎవరును వ్రాసి పెట్టలేదు. ఒకడు తన చూరును క్రిందికి దించినచో పొరుగువాని కొట్టు చీకటియగును. పైకి లేపినచో తన గోడయే తడియును. కావున పొరుగువానిని చూచి కట్టుకొనుటయే నియమమై నిలిచెను. “శెట్టిగారూ, కాస్త నీడ పట్టున కూచుంటాం” అని రైతు అడిగినపుడు కాదనిన వర్తకుడు ఆ బజారులో నిలువజాలడు గదా! అరుగు దాతృత్వమునకును, వ్యాపారమునకును ఒక్కటే పీట.

మొగము శుభ్రతకును ఆచారమే అధికారి. సంక్రాంతికి ముందు ఇంటికి వెల్ల వేయించుట ఎట్లో, అంగడికిని అట్లే. తెల్లసున్నములో చిటికెడు నీలిమందు, గోడ అడుగున ఎఱ్ఱని కావి పట్టె, గడపకు పసుపు. ఇందులో అలంకారము కొంత, ఆరోగ్యము కొంత. సున్నము పురుగును చంపును, కావి వీథి బురద చిందిన మరకను దాచును. ఆంధ్రా ప్యారిస్ సంగతి యిట్లుండగా అసలు ప్యారిస్ సంగతి తలచికొనుట యుక్తము. ఆ నగరమున 1783, 1784 సంవత్సరములనాటి రాజాజ్ఞలు వీథి వెడల్పునుబట్టి కట్టడపు ఎత్తును నిర్ణయించినవి. 1852 నాటి శాసనము ప్రతి కట్టడపు వెలుపలి మొగమును పదేండ్ల కొకమాఱైనను గీకించి, రంగు గాని సున్నము గాని వేయించి తీరవలెనని ఆజ్ఞాపించినది. ఆ మఱుసటి సంవత్సరము నుండి హౌస్మన్ దొర విశాలవీథులను తీర్చి, ఇరుప్రక్కల భవనముల చూరులను ఒకే మట్టమునకు తెచ్చి, లోకమంతయు మెచ్చు నగరమును నిర్మించెను. ప్యారిస్‌లో శాసనముచేత పదేండ్లకు జరిగినది మన బజారులలో పండుగపేర ఏటేట జరిగెడిది. ఈ పోలిక మన గొప్పలు చెప్పుకొనుటకు కాదు. వెలుపలి గోడ పదిమందిదను భావము ఏ నాగరికతయందైనను పుట్టునని చెప్పుటకు.

అయినను ఆచారము ఒక్కటే చాలలేదు. జనము పెరిగి, స్థలము వెల హెచ్చగా, అరుగు మెట్లు కాలువమీదికి, చూరు బండిదారిమీదికి జరుగసాగెను. తాటాకు కప్పులు వేసవి గాలికి ఒకదానినుండి యొకటి అంటుకొనెడివి. తెనాలి 1909లో పురపాలక సంఘమైనది. బాపట్ల 1951లోను, రేపల్లె 1956లోను ఆ హోదా పొందినవి. చెన్నరాజధానిలో 1884 నాటి చట్టమును, దాని స్థానమున వచ్చిన 1920 నాటి జిల్లా పురపాలక సంఘముల చట్టమును పరికించినచో, వెలుపలి గోడ విషయమున పాలకులు ఏమి కోరిరో తెలియును. వీథివైపునకు తెఱచుకొను తలుపులు బాటసారులకు అడ్డు కాగూడదు. గడ్డి, ఆకు, చాపలవంటి అంటుకొను వస్తువులతో కప్పు వేయుటను సంఘము నిషేధింపవచ్చును. వీథిమీదికి వసారాలు, బాల్కనీలు, సజ్జలు చాచుటకు అనుమతి కావలెను. వీథి గీతను దాటిన కట్టడము వెనుకకు జరుగవలెను. రెండు వీథులు కలియు మూలనున్న కట్టడపు కోణమును గుండ్రముగా గాని, ఏటవాలుగా గాని తీర్చవలెనని సంఘము శాసింపవచ్చును. అందము అను మాట ఈ నియమములలో వెదకినను అంతగా కానరాదు. అన్నియు దారికి, అగ్నికి, నీటికి సంబంధించినవే. కాని ఆ మూడింటిని సరిగా పాటించిన వీథికి అందము తనంతట వచ్చుటను మనము చూచితిమి.

అయితే చట్టమునకు ప్రజల మనస్సు తోడు రానిచో ఏమగునో ఈ ప్రాంతమే లోకమునకు చాటినది. బాపట్లకు అల్లంత దూరమున నున్న చీరాల, పేరాల గ్రామములను కలిపి పురపాలక సంఘముగా చేసి పన్నులు పెంచగా, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ప్రజలు ఇండ్లను వాకిళ్లను విడిచి, ఊరి వెలుపల రామనగరమను పేర పాకలు వేసికొని, ఇంచుమించు 11 నెలలు నిలిచిరి. సున్నపు గోడలను విడిచి తాటాకు క్రిందికి పోయిన ఆ జనము చెప్పిన మాట యొక్కటే: మా వీథి నియమము మమ్ము అడిగి చేయవలెను. ఆ దశాబ్దముననే తెనాలికి కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరిగారు పురపాలక సంఘాధ్యక్షులైరి. ఊరి పాలనము ఊరివారి చేతికి వచ్చినపుడు వీథి బాగోగులు కూడ ఊరివారి మాటగా మాఱును. అంతకు కొన్నేండ్ల ముందు, 1914–15 ప్రాంతమున, మద్రాసు రాజధానిలోని పట్టణములను తిరిగి చూచిన పాట్రిక్ గెడ్డెస్ అను స్కాట్లాండు పండితుడు, పాత వీథులను నిలువునా కోసివేయు పద్ధతిని ఖండించి, అక్కఱలేని చోట ముట్టుకొనక, చెడిన చోట మాత్రము కొద్దిగా కోసి, తక్కినదానిని బ్రదికించు వైద్యుని పద్ధతిని బోధించెను. 1920లో మద్రాసు పట్టణ నిర్మాణ చట్టము వచ్చెను. కాని గెడ్డెస్ చెప్పిన ఆ సౌమ్యవైద్యము మన బజారులకు నేటికిని పూర్తిగా అందలేదనవలెను.

సిమెంటు వచ్చినపుడు అంగడి మొగమునకు ఒక నవయౌవనము కలిగెను. చట్టము గుండ్రముగా తీర్చుమనిన మూలను మేస్త్రీలు గొప్ప అవకాశముగా గ్రహించిరి. చౌకు మూలన రెండంతస్తుల మేడ, ఓడ ముందరి భాగమువలె గుండ్రముగా తిరిగి, దానిచుట్టు మూడు అడ్డగీతల పట్టీలు, పైన పిట్టగోడమీద మెట్లుమెట్లుగా లేచిన శిఖరము, దాని నడుమ కట్టిన సంవత్సరము, యజమాని ఇంటిపేరు, కొన్నిటిమీద ఇరువైపుల ఏనుగులతో గజలక్ష్మి, కొన్నిటిమీద స్వాతంత్ర్యోత్సాహమున మూడు రంగుల జెండా. బొంబాయిలో సముద్రపు టొడ్డున ధనికులు కట్టుకొనిన నూతనశైలిని ఇచ్చటి తాపీమేస్త్రి తన చేతివాటముచేత తెలుగు చేసెను. బొమ్మలు తీర్చు చేతులకు తెనాలి ఎన్నడును పేదది కాదు. సిమెంటుతోను, కంచుతోను, ఇప్పుడు ఇనుపతుక్కుతోను విగ్రహములు చేయు శిల్పశాలలు అచ్చట నేటికిని వర్ధిల్లుచున్నవి. 1942 ఆగస్టు 12న తెనాలిలో పోలీసు కాల్పులకు ఏడుగురు దేశభక్తులు బలియైన చోట రణరంగ చౌక్ అను పేర స్మారకస్తంభములు నిలిచినవి. చుట్టును అంగడులే. ఒక బజారు నడుమ ఇట్టి స్థలమున్నపుడు దాని చుట్టుపట్ల గోడల ఎత్తునకు, పలకల పరిమాణమునకు, దీపముల కాంతికి ఒక మర్యాద ఉండవలెనని నా దృఢవిశ్వాసము. స్తంభములకంటె నాలుగింతల ఫ్లెక్సీ ఆ ప్రక్కన వ్రేలాడుట ఏ చట్టమునకు విరుద్ధమైనను కాకున్నను, స్మృతికి విరుద్ధము.

పేరు పలకల కథ వేఱుగా చెప్పదగినది. మొదట అంగడికి పలకయే లేదు, ఇంటిపేరే గుర్తు. తరువాత రేకుమీద నూనెరంగుతో అక్షరములు వ్రాయు చిత్రకారులు వచ్చిరి. నాటకములకు తెరలు వ్రాసిన చేతులే పగలు అంగడి పలకలు వ్రాసిన కాలమది. తెలుగు అక్షరపు గుండ్రదనమును ఎఱిగి, తలకట్టు పై అంచును తాకకుండ, వత్తు క్రింది అంచు దాటకుండ, పలకలో అక్షరమును కూర్చుండబెట్టుట యొక విద్య. 1988 నాటి దుకాణముల, సంస్థల చట్టము క్రింద ఏర్పడిన నియమములు అంగడి పేరు తెలుగులో నుండవలెననియు, అన్యభాష వాడినచో అది తెలుగునకు క్రిందనుండవలెననియు చెప్పుచున్నవి. వెలుపలి గోడకు సంబంధించిన నియమములలో ఇంత సులభమైనది, ఇంత తక్కువ వ్యయముతో నెఱవేఱునది మఱియొకటి లేదు. ఇంతగా మఱవబడినదియు మఱియొకటి లేదు. ఆంధ్రోద్యమమునకు తొలి మహాసభ 1913లో ఏ బాపట్లలో జరిగినదో, ఆ బాపట్ల బజారులో తెలుగు అక్షరము పలక క్రింది మూలకు ఒదిగియుండుట మనకు శోభించునా?

ఆచారమును, చట్టమును మించిన ఉపాధ్యాయుడు సముద్రము. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమను తుడిచిపెట్టి, రేపల్లె, బాపట్ల సీమలను కుదిపి, వేలాది ప్రాణములు హరించినది. 1990 మే నెలలో మఱియొక పెనుతుపాను కృష్ణాముఖద్వారమునొద్ద తీరము దాటినది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల చెంతనే నేలకెక్కినది. ఇట్టి గాలిలో మొదట లేచిపోవునది కప్పు అంచు. పిదప గోడకు మేకులతో కొట్టిన రేకు. ఆ పిదప పలక. ఎగిరిన రేకు కత్తియై పోవును. భారత ప్రమాణ సంస్థ పవనభార నియమములలో ఈ కోస్తాకు మూలవేగము సెకనుకు 50 మీటర్లు, అనగా గంటకు 180 కిలోమీటర్లు. కావున రేపల్లెలో అంగడి ముందు బిగించు ప్రతి ఫలకమును, ప్రతి బోర్డును, ప్రతి సజ్జయు ఆ గాలికి నిలుచునా యని లెక్కకట్టి బిగింపవలసినదే. పాత వసారా చూరు పొట్టిగా, వాలుగా, బరువైన పెంకుతో నుండుటలో ఈ గాలి నేర్పిన పాఠము కొంత కలదు. వెనుకటివారికి మీటరులెక్క తెలియదు; ఏ చూరు మిగిలినదో, ఏది పోయినదో తెలియును.

1977 నాటి ఉప్పెన తరువాతి నలుబదియేండ్లలో అంగడి మొగపు మార్పు వేగముగా జరిగినది. 1978లో విజయవాడ, గుంటూరు, తెనాలి, మంగళగిరి పట్టణములకు కలిపి నగరాభివృద్ధి సంస్థ ఏర్పడెను. 2014లో దాని స్థానమున రాజధాని ప్రాంతాభివృద్ధి సంస్థ వచ్చెను. 2017 మార్చి 28 నాటి 119వ నంబరు ఉత్తరువుతో వచ్చిన రాష్ట్ర భవన నియమములు ఎత్తునకు, చుట్టు విడువవలసిన ఖాళీకి, వాహనముల చోటునకు, మూలకోతకు లెక్కలు చెప్పినవి. ఇవియన్నియు క్రొత్త కట్టడమును మనసులో నుంచుకొని వ్రాసినవి. పాత కట్టడమునకు మొగము మాత్రము మార్చునపుడు గోడ దేనిదో, పైన బిగించునదేదో, దానివెనుక గాలికి, నీటికి దారి కలదో లేదో అడుగువారు అరుదు. వీథి వెడల్పు చేసినపుడు అంగడి ముందరి ఆఱడుగులు పోవును. అరుగు పోవును, వసారా పోవును. కోసిన గోడ పచ్చిగాయమువలె మిగులును. దానిని కప్పుటకు త్వరలో దొరకునది అల్యూమినియము రేకు అతికిన ప్లాస్టిక్ ఫలకము, లేదా నిలువెత్తు గాజు. పడమటి మొగపు అంగడికి గాజు బిగించినచో వేసవి మధ్యాహ్నము లోన కూర్చుండుట దుస్సహము. చల్లదనమునకు యంత్రము, యంత్రమునకు విద్యుత్తు, దాని వేడిగాలి మరల వీథిలోని బాటసారిమీదికి. ఇక ఆ ఫలకముల లోని ప్లాస్టిక్ ఎంత ప్రమాదకరమో 2017 జూన్ 14న లండనులో గ్రెన్‌ఫెల్ భవనము తగులబడి 72 మంది మరణించినపుడు లోకము తెలిసికొన్నది. ఆ కట్టడమునకు అంతకు కొలది కాలము ముందే వెలుపలి మొగము క్రొత్తగా తొడిగిరి. ఒకనాడు తాటాకు కప్పునకు నిప్పు భయమని నిషేధించిన మనము, నేడు గోడయంతటికి అంటుకొను వస్తువును తొడుగుచుంటిమి. పేరు మాఱినది, ప్రమాదము మాఱలేదు.

కావున ఈ పట్టణములలో పాత అంగడి మొగమును క్రొత్తగా తీర్చువారికి ప్రమాణములు వ్రాయవలసివచ్చినచో, వానిని పరదేశపు పుస్తకములనుండి తెచ్చుకొననక్కఱలేదు. మన బజారు నేర్పినవే చాలును. మొదటిది, గోడను ఎఱుగుట: సున్నపు గోడకు సున్నమే మందు, సిమెంటు గోడకు సిమెంటు. రెండవది, నీరు: చూరు నీరు గొట్టములో దిగి కాలువకు పోవలెను, మెట్టు కాలువను మూయరాదు. మూడవది, నీడ: వీథివైపు సజ్జగాని వసారాగాని పొరుగువాని మట్టమున కలిసి, నడచువానిని ఎండ వానలనుండి కాపాడవలెను; అరుగు నిలుపుకొనుటకు చోటున్న చోట అరుగు నిలుపవలెను. నాలుగవది, అగ్నియు, గాలియు: అంటుకొనని వస్తువును మాత్రమే తొడుగవలెను, తొడిగిన ప్రతిదానిని తుపాను లెక్కకు బిగింపవలెను, గాజు పెట్టినచో పొగ పోవుటకును, మనిషి రక్షింపబడుటకును ప్రతి అంతస్తునందు తెఱువదగిన ఫలకములుండవలెను. ఐదవది, అక్షరము: తెలుగు పేరు పైన, చదువనగునంత పెద్దగా, కిటికీని మూయనంత చిన్నగా. ఆఱవది, జ్ఞాపకము: పిట్టగోడమీద పాత మేస్త్రి తీర్చిన సంవత్సరమును, గజలక్ష్మిని సుత్తితో కొట్టివేయుట కంటె, ఆమెకు ఏటేట ఒక పూత సున్నము వేయుట సులభము. ఈ ఆఱింటిలో ఏదియు వర్తకునికి నష్టము తెచ్చునది కాదు. కొన్ని అతని వ్యయమును తగ్గించునవే.

ఈ నియమములు కార్యాలయమునుండి ఆజ్ఞగా దిగినచో చీరాల పేరాల కథ మరల నడచును. వీథి వీథికి కొట్లవారు కూడి, మేస్త్రిని, ఇంజనీరును, పురపాలకులను కూర్చుండబెట్టుకొని, మా వీథి చూరు మట్టమిది, మా పలక కొలత యిది యని తీర్మానించుకొనిన, రథం బజారు గీతవలె అది నిలుచును. ఎవరు కావలి కాయకున్నను నిలుచును.

ఆ పాత కొట్టు చెక్కలు నాకు మాటిమాటికి జ్ఞప్తికి వచ్చుటకు కారణ మిదియే. వానికి ఒక వరుస కలదు. మరమ్మతునకు కూడ అట్టి వరుసయే: మొదట కప్పు, తరువాత నీటిదారి, పిదప గోడ, ఆ పిదప సజ్జ, చివర రంగును, పలకయు. నేడు మనము కడపటి చెక్కతో ఆరంభించి, మొదటి చెక్క గాడిలో కూర్చొనలేదని విచారించుచున్నాము. రాత్రి తొమ్మిది గంటలకు వర్తకుడు చెక్కలను వరుసగా పేర్చి, కడపటిదానికి తాళము వేసి, లాంతరు తీసికొని ఇంటికి పోయిన పిమ్మట, కొట్టు మూయబడినను అరుగు మూయబడెడిది కాదు. తెల్లవాఱి రేవు దాటవలసిన బాటసారి, రైలు తప్పిన పల్లెటూరివాడు, తువ్వాలు పఱచుకొని ఆ అరుగుమీద పండుకొనెడివాడు. ప్రొద్దున యజమాని వచ్చుసరికి అతడు లేచి, పండుకొనిన చోటు తుడిచి పోయియుండెడివాడు.